ఎవరూ చూడని రొట్టె

బిడ్డా,

దసరాకు వచ్చి వెళ్లేటప్పుడు నువ్వు మంచం మీద మరిచిపోయిన ఇంగ్లిష్ నవల నిన్న రాత్రితో అయిపోయింది. నవ్వకు. రోజుకు పది పేజీలు, పక్కన డిక్షనరీ, ముక్కు మీద కంటి ఆపరేషన్ తర్వాత ఇచ్చిన అద్దాలు. మొత్తం నలభై రోజులు పట్టింది. మన వాడలో పిల్లలు అయ్యప్ప మాలలు వేసుకుని మండల దీక్షలో ఉన్నారు, నేను హంగర్ గేమ్స్ దీక్షలో ఉన్నాను. ‘‘డెబ్బై రెండేండ్లకు లవ్ స్టోరీ పట్టుకున్నడు’’ అని మీ నాయనమ్మ రామకృష్ణాపూర్ అంతా చాటింపు వేసింది.

ఎట్లుంది తాతా అని ఫోన్‌లో అడిగావు. నచ్చింది, నచ్చలేదు. రెండూ నిజమే. ఫోన్‌లో అయితే ‘‘సరే తాతా, సరే తాతా’’ అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నా.

ఇంకో కారణం కూడా ఉంది, దాచను. మీ కాలేజీ పండుగలో తోటి పిల్లగాడొకడు అందరి ముందు మోకాలి మీద కూర్చుని పువ్వు ఇచ్చాడని, చుట్టూ ఫోన్లు లేచాయని, చప్పట్లు మోగాయని, నువ్వు తల ఊపావని మీ నాయనమ్మకు చెప్పుకున్నావు కదా. ‘‘ఊపకపోతే అందరి ముందు వాని ఇజ్జత్ పోతదని ఊపిన’’ అన్నావట. ఆమె కడుపులో మాట దాగదు, నీకు తెలిసిందే. ఆమె మీద అలగకు. నేను తిడతానని భయపడకు. ముందు పుస్తకం సంగతి చెప్తాను, ఆ మాట దానిలోనే వస్తుంది.

మొదటి పేజీల్లోనే ఒక పదం దగ్గర ఆగిపోయాను. ఆ కాట్నిస్ అనే పిల్ల ఉండే వాడ పేరు సీమ్. నువ్వు పక్కన పెన్సిల్‌తో ‘కుట్టు’ అని రాసుకున్నావు. డిక్షనరీలో మొదట కనిపించే అర్థం అదే. కానీ అది మన ఇంటి మాట బిడ్డా. సీమ్ అంటే భూమి లోపల బొగ్గు పొర. ఒకటో సీమ్, రెండో సీమ్, మూడో సీమ్ అంటూ మేం రోజూ పొద్దున మస్టర్ దగ్గర పలికిన మాట. బదిలీ ఫిల్లర్‌గా తట్ట పట్టినప్పటి నుంచి ఓవర్‌మెన్‌గా రిటైరైన దాకా నీ తాత సీమ్‌లోనే తిరిగాడు. తప్పు నీది కాదు. బొగ్గుబాయి మాటలు ఇంటి గడప దాటి రాకుండా మేమే చూసుకున్నాం. పిల్లలు చదువుకోవాలి, బొగ్గు అంటొద్దు అనుకున్నాం. బొగ్గుతో పాటు మాటలు కూడా బయటనే ఉండిపోయాయి. అమెరికా రచయిత్రి సుజాన్ కాలిన్స్ 2008లో వెలువరించిన నవల చదివితే గానీ ఆ సంగతి నాకు తట్టలేదు.

ఆ పిల్ల ఉండేది 12వ జిల్లా. ఎప్పుడో రాబోయే కాలంలో, ఇప్పటి అమెరికాలోని అపలాచియా కొండల దగ్గర. అది ఇవాళ కూడా బొగ్గు పేరు చెబితే గుర్తొచ్చే ప్రాంతమే. దేశానికి బొగ్గు తవ్వి పంపే ఆ జిల్లాలో సాయంత్రం రెండు మూడు గంటలు కరెంటు ఉంటే గొప్ప. సైన్స్ ఫిక్షన్ అన్నావు కదా, నాకు ఇందులో ఫిక్షన్ కనపడలేదు. మన బొగ్గు పోయే రామగుండం ఎన్టీపీసీ 2600 మెగావాట్ల కరెంటు తీసి ఎక్కడెక్కడికో పంపుతుంది. నా చిన్నప్పుడు బొగ్గు రైలు పోయే పట్టాల పక్క ఊళ్లోనే కందిలి పెట్టుకుని చదువుకున్నాం. ఆ సంగతి తెలిసినవాళ్లకు 12వ జిల్లా కొత్త ఊరేమీ కాదు.

పొద్దుటి షిఫ్టుకు పోయే కార్మికులు వంగిన భుజాలతో నడవడం, గోళ్లలో ఇరికిన మసిని రుద్దుకోవడం ఎప్పుడో మానేయడం ఒక్క ముక్కలో రాసిందామె. చదవగానే నా గోళ్లు చూసుకున్నాను. రిటైరై పన్నెండేళ్లయింది, గోళ్లు తెల్లగానే ఉన్నాయి. కుడి బొటనవేలి పక్కన మాత్రం నీలం చుక్క ఉంది. నువ్వు చిన్నప్పుడు దాన్ని పచ్చబొట్టు అనుకుని నాకూ పొడిపించమని ఏడ్చావు. అది పచ్చబొట్టు కాదు. గాయంలో బొగ్గుపొడి చేరి, పైన తోలు మూసుకుపోతే అలా నీలంగా మిగిలిపోతుంది. పాత ఫిల్లర్లలో ఎవరి చేతులు చూసినా ఒకటి రెండు దొరుకుతాయి.

పదకొండేళ్లప్పుడు ఆ పిల్ల తండ్రి బాయిలో పేలుడుకు చనిపోతాడు. పెద్ద బిడ్డ కాబట్టి ఆమె మెడలో ఒక పతకం వేస్తారు. ఒక నెల ఏడవడానికి సరిపోయేంత డబ్బు ఇస్తారు. అంతే, ఆ తర్వాత ఎవరి తిండి వాళ్లే చూసుకోవాలి. ఆ పేజీ నేను రెండుసార్లు చదివాను. ఇక్కడ బాయిలో మనిషి పోతే ఇంట్లో ఒకరికి నౌకరీ అన్నది ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు. వారసత్వ ఉద్యోగం అన్నాం, అది ఆగిపోతే కొట్లాడాం, మళ్లీ కారుణ్య నియామకం అన్న పేరుతో తెచ్చుకున్నాం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది పోయారు. ఆ ఇళ్లకు పతకాలిచ్చి సరిపెడతామంటే కోల్ బెల్ట్ ఊరుకుంటుందా?

ఇక నచ్చనిది.

ఇది బొగ్గు జిల్లా కథే, కానీ కథలో బాయి లేదు. తండ్రి బాయిలో పోయాడని చెబుతుంది. అక్కడితో సరి. లోపలి ఉక్క లేదు. బరువు దిగుతుంటే ప్రాపు కర్ర చేసే కిర్రుమనే చప్పుడు లేదు. హాలేజ్ తాడు లేదు, అన్నం తిన్నాక టిఫిన్ మూత మీద నాలుగు మెతుకులు ఎలుకల కోసం వదిలేసే మనిషి లేడు. ఎలుకలు ఉన్నట్టుండి పరుగు పెట్టాయంటే మేమూ పరుగు పెట్టేవాళ్లం. ఇంత బతుకును వదిలేసి రచయిత్రి ఆ పిల్లకు విల్లు ఇచ్చి అడవిలోకి పంపింది. అడవి బాగుంది, కాదనను. కానీ బొగ్గును బట్టల కోసమే వాడుకుంది. చావు ఆటకు చీటీ తీసి ఎంచిన పిల్లలను ముందు రాజధానిలో ఊరేగిస్తారు. ఆ ఊరేగింపుకు 12వ జిల్లా పిల్లలకు ఏటా కార్మికుల వేషం, నెత్తిన లైటు. ఒక ఏడాది అయితే బట్టల్లేకుండా ఒట్టి నల్లపొడి పూసి నిలబెట్టారట. ఈసారి వచ్చిన దర్జీ సిన్నా తెలివైనవాడు. బొగ్గు తవ్వడం ఎందుకు, బొగ్గు చేసే పని మండటం కదా అని మంటల బట్టలు తొడుగుతాడు. ఆ ఆలోచనకు మాత్రం చప్పట్లు కొట్టాలనిపించింది.

ఇంకో కొరత. రెండో భాగంలో బాయిని రెండు వారాలు మూసేస్తారని, ఇళ్లలో పొయ్యిలు ఆరిపోతాయని నువ్వు చెప్పావు. అంటే అక్కడ బాయిని మూసేది దొరలు. మన దగ్గర బాయిని ఆపింది దిగేవాళ్లు. 1981లో 56 రోజులు ఆపాం. మీ నాన్న అప్పుడు పాలు తాగే పిల్లగాడు, ఇంట్లో పాలు లేవు. 2011లో సకల జనుల సమ్మెలో 35 రోజులు ఆపాం, అప్పుడు నువ్వు పాకుతున్నావు. ఇరవై నాలుగు మంది పిల్లలు ఒకరినొకరు చంపుకునే కథ రాసిన ఆవిడకు పదిమంది కలిసి పని మానేసే కథ మొదటి భాగంలో తట్టలేదు. అమెరికా బొగ్గు చరిత్రలో సమ్మెలకు ఏమన్నా కరువా?

పిల్లలను ఆటకు పంపడం అనే ఊహ గ్రీకు కథ నుంచి వచ్చిందని రచయిత్రే చెప్పింది. మినోటార్ అనే ఎద్దుతల రాక్షసుడికి ఏథెన్స్ పిల్లలను మేతగా పంపే కథ అది. టీవీలో ఒక ఛానల్‌లో పోటీల కార్యక్రమం, ఇంకో ఛానల్‌లో ఇరాక్ యుద్ధం తిప్పుతూ చూస్తుంటే ఆ రెండూ కలిసిపోయాయట. నాకైతే ఏకచక్రపురం గుర్తొచ్చింది. బకాసురుడికి ఇంటికొకరు చొప్పున వంతు. ఆ బ్రాహ్మడి ఇంట్లో నేను పోతానంటే నేను పోతానని మొగుడూ పెళ్లామూ బిడ్డా కొట్లాడుకుంటారు, చివరికి మాటలు ఇంకా సరిగా రాని బుడ్డోడు గడ్డిపరక పట్టుకుని దీనితో రాక్షసుణ్ని చంపుతా అంటాడు. చెల్లెలు ప్రిమ్ పేరు చీటీలో వస్తే కాట్నిస్ నేను పోతానని ముందుకు ఉరికిన చోట నాకు ఆ ఇల్లే కనపడింది. తేడా ఒక్కటే, ఆ ఇంటికి భీముడు చుట్టంగా వచ్చి ఉన్నాడు. ఈ పిల్లకు ఎవరూ లేరు.

ఇప్పుడు నువ్వు ఎదురుచూస్తున్న ప్రేమ దగ్గరకు వద్దాం.

పుస్తకం చివర ఖాళీ పేజీలో నువ్వూ నీ దోస్తులూ ఓట్లు వేసుకున్నారు. ఆమె వేట దోస్తు గేల్‌కు అయిదు, ఆమెతో పాటు ఆటకు పోయిన పీటాకు మూడు. నన్ను ఓటెయ్యమంటే ఎటు వెయ్యాలో తేలలేదు. ఎందుకంటే ఈ నవలలో నాకు ఇద్దరు పీటాలు కనపడ్డారు.

ఒకడు వానలో రొట్టె విసిరిన పీటా. తండ్రి పోయాక ఆ పిల్ల ఆకలితో బేకరీ వెనక చెత్తకుండీలు వెతుకుతుంటుంది. వాడు రొట్టెలు కావాలనే మాడగొడతాడు, తల్లి చేత దెబ్బలు తింటాడు, మాడిన రొట్టెలు పందులకు వేసినట్టు వేసి ఆమె వైపు విసురుతాడు. మాట లేదు. ఆమె వైపు తిరిగి కూడా చూడడు. ఎవరికీ తెలియదు. పదకొండేళ్ల పిల్లగాడి పని అది. అక్కడ నేను అద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

ఇంకొకడు ఆటకు ముందు రాత్రి దేశమంతా చూస్తుండగా స్టేజీ మీద కూర్చుని, ఆమెకు ముందుగా ఒక్క మాట చెప్పకుండా, నేను ప్రేమించింది ఈమెనే అని చెప్పిన పీటా. జనం ఆహా అన్నారు. కెమెరాలు ఆమె ముఖం మీదికి తిరిగాయి. లోపలికి పోయాక ఆమె ఏం చేసిందో గుర్తుందా? రెండు చేతులతో తోసింది. వాడు పూలకుండీ మీద పడి అరచేతులు కోసుకున్నాడు. నువ్వు ఆ వాక్యం కింద గీత కొట్టలేదు. తర్వాత గుహలో ముద్దుల దగ్గర మాత్రం నాలుగు గీతలు కొట్టావు.

ఆ గుహ దగ్గరే చూడు. వాడికి జ్వరం, కాలు చీము పట్టింది. ఆమె ముద్దు పెట్టగానే ఆకాశం నుంచి గొడుగు కట్టిన గిన్నె దిగుతుంది, గిన్నెడు వేడి చారు. పైన కూర్చున్న గురువు హేమిచ్ చెప్పకనే చెప్పినట్టు: ముద్దు పెడితే చారు. ఇంకా కావాలంటే ఇంకా బాగా చెయ్యి. అప్పటి నుంచి ఆ పిల్లకు తన మనసులో ఉన్నదేదో, కెమెరా కోసం చేస్తున్నదేదో తనకే తేలదు. రచయిత్రి గొప్పతనం అక్కడుంది. బాయి రాయలేకపోయినా ఆ తికమకను మాత్రం నిజాయితీగా రాసింది. అయితే ఆ చారు కోసం నేనూ ఎదురుచూశాను బిడ్డా. రాత్రి పదకొండయినా లైటు ఆపకుండా, తర్వాత ఏం పంపుతారో అని పేజీ తిప్పాను. ఆ రాజధాని జనానికీ నాకూ ఏం తేడా మిగిలింది? ఈ పుస్తకం మీద నా కోపంలో సగం నా మీద కోపమే.

వాడు స్టేజీ మీద చెప్పిన మాటే ఆమెను బతికించిందని నువ్వు వాదిస్తావు. ఒప్పుకుంటాను. డబ్బున్నవాళ్ల కన్ను ఆమె మీద పడింది, గిన్నెలు దిగాయి. కానీ వాళ్లు చావు ఆటలో ఉన్నారు. నిన్ను ఎవరూ ఆ ఆటలోకి దించలేదు. నీకు చారు పంపేవాడు ఎవడూ లేడు, అవసరమూ లేదు, మీ నాన్న ఫీజు కడుతున్నాడు.

మా సంగతి ఒకటి చెప్తాను. పెళ్లిచూపులకు నేను నైట్ షిఫ్ట్ దిగి వచ్చి, రెండుసార్లు సబ్బుతో ముఖం కడుక్కుని పోయాను. అయినా కనురెప్పల అంచున మసి ఉండిపోతుంది, అది సబ్బుకు పోదు. మీ నాయనమ్మ చెల్లెలు చూసి ‘‘అక్కా, పిల్లగాడు కాటుక పెట్టుకున్నడే’’ అని గట్టిగా అంది. ఇంట్లో అందరూ నవ్వారు. మీ నాయనమ్మ నవ్వలేదు. లోపలికి పోయి, చిన్న గిన్నెలో కొబ్బరినూనె, మెత్తటి పాతగుడ్డ తమ్ముడి చేత పంపింది. నూనెతో ఒత్తితే మసి పోతుందని ఆమెకు తెలుసు, వాళ్ల నాయన కూడా ఫిల్లరే. నేను వాకిట్లో వేపచెట్టు కింద నిలబడి తుడుచుకున్నాను. అప్పటికి ఆమె ముఖం నేను సరిగా చూడలేదు.

తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఆమె సైరన్ లెక్కపెట్టింది. వేళకు మోగితే పొయ్యి మీద నీళ్లు పెట్టేది. వేళ కాని వేళ మోగితే వాడలో ఆడవాళ్లందరితో పాటు చెప్పులు లేకుండా బాయి దారి పట్టేది. నేను పైకి వచ్చిన రోజుల్లో దగ్గరకు కూడా రాకుండా దూరం నుంచే చూసి తిరిగి వెళ్లిపోయేది, పొయ్యి మీద కూర మాడుతుందని. ఆమె నన్ను ప్రేమిస్తున్నానని ఒక్కసారి కూడా అనలేదు. మాటలతో చెప్పుకునే మీ పద్ధతి తప్పని కాదు, ఒకసారి అని ఉంటే నాకూ బాగుండేదేమో. రాస్తున్నది ఆమెకు కనపడదులే, వంటింట్లో ఉంది.

ఇక నీ సంగతి. ఆ పిల్లగాణ్ని నేను చూడలేదు, చెడ్డవాడని అనను. సినిమాలు చూసి పెరిగినవాడు, హీరో అట్లనే చేస్తాడు, పిల్ల అట్లనే ఒప్పుకుంటుంది. వాడికి తెలిసిన పద్ధతి అది. నాకు తెలిసిన పద్ధతి వేరు. ఓవర్‌మెన్‌గా నా మొదటి పని కర్రతో పైకప్పు కొట్టి వినడం. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల విడిపోయిన బండ డొల్లగా మోగుతుంది, దాని కింద మనిషిని నిలబెట్టకూడదు. కానీ మిషన్ నడుస్తుంటే ఆ రెండు చప్పుళ్లకూ తేడా తెలియదు. అందుకని ముందు మిషన్ ఆపించేవాణ్ని. ‘‘ఎవరూ మాట్లాడొద్దు’’ అనేవాణ్ని. అప్పుడు కొట్టేవాణ్ని. ప్రొడక్షన్ పోతోందని పైవాళ్లు మొత్తుకున్నా ఆపించేవాణ్నే.

ఆ రోజు నీ చుట్టూ మిషన్ నడుస్తోంది. చప్పట్లు, ఫోన్లు, ఈలలు. ఆ రొదలో నువ్వు తల ఊపావు. ఆ ఊపుడు లెక్కలోకి రాదు. నీ మీద ఏ బాకీ లేదు. ఎవరూ లేని చోట, లైబ్రరీ మెట్ల మీదనో క్యాంటీన్ మూలనో కూర్చోబెట్టి వాడితో మాట్లాడు. ఆ రోజు అందరి ముందు కాదనలేక ఊపాను, ఆలోచించుకోవడానికి సమయం కావాలి అని చెప్పు. విని ఏమంటాడో, ముఖం ఎట్లా పెడతాడో చూడు. అందరి ముందు అడిగిన దానికి ఒంటరిగా జవాబు చెబితే అవమానం అనుకునేవాడైతే నీకు చప్పుడు వినపడుతుంది. ‘సరే, తొందరేం లేదు’ అని టీ తాగి వెళ్లిపోతే అది కూడా వినపడుతుంది. నీకు ఇష్టమైతే ఇష్టమనే చెప్పు. మాకు చెప్పడానికి భయపడకు. కులం, ఊరు నేను అడగను. వాడు వానలో రొట్టె ఎప్పుడైనా విసిరాడా అని మాత్రం అడుగుతాను.

వద్దనుకుంటే వద్దని చెప్పు. ఆ వీడియో తీసేయమను. తీయకపోతే మీ నాన్నకు కాదు, ముందు నాకు ఫోన్ చెయ్యి. నేనూ మీ నాయనమ్మా రవీంద్రఖని స్టేషన్‌లో రైలెక్కి వస్తాం. ఆమె వస్తే సంగతి ఎట్లా ఉంటుందో నీకు తెలుసు.

పుస్తకం అట్ట వేసి పెట్టాను. ‘కుట్టు’ అన్న చోట పెన్సిల్ చెరిపి ‘బొగ్గు పొర’ అని రాశాను, కోపం తెచ్చుకోకు. సంక్రాంతికి వచ్చేటప్పుడు రెండో భాగం తీసుకురా. అందులో గేల్ బాయి దిగాడన్నావు కదా. పద్దెనిమిదేళ్ల పిల్లగాడు, కొత్తగా దిగినవాడు. ఏ షిఫ్టు ఇచ్చారో, పక్కన ఎవరిని పెట్టారో చూడాలి.

మీ తాత,
రామకృష్ణాపూర్